సున్నా పరీక్షలకు నూటికి నూరు

దేశంలో ఎవరు ఇంజినీరింగ్ కాలేజీ తెరవాలన్నా దక్షిణ ఢిల్లీలోని వసంత్ కుంజ్ వైపు చూడాల్సిందే. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి కార్యాలయం అక్కడి నెల్సన్ మండేలా మార్గ్‌లోనే ఉంది. కాలేజీకి అనుమతి వసంత్ కుంజ్ ఇస్తుంది. ఆ కాలేజీలో చదివిన తెలుగు కుర్రాడికి ఉద్యోగం వచ్చేపాటి చదువు మాత్రం దాదాపు పదిహేను వందల కిలోమీటర్ల ఇవతల, హైదరాబాద్‌లోని అమీర్‌పేటలో దొరుకుతుంది. ఈ పని విభజన ఏ చట్టంలోనూ లేదు, అయినా ఏళ్ల తరబడి నడుస్తోంది.

మైత్రీవనం చుట్టుపక్కల వేలాడే బోర్డులే సాఫ్ట్‌వేర్ పరిశ్రమకు నిజమైన చరిత్ర పుస్తకం. 2000ల్లో అక్కడ 'టెస్టింగ్ టూల్స్' అంటే విన్‌రన్నర్, లోడ్‌రన్నర్, క్యూటీపీ. మూడూ మెర్క్యురీ ఇంటరాక్టివ్ అనే కంపెనీవి. దాన్ని 2006లో హ్యూలెట్ ప్యాకర్డ్ సుమారు 450 కోట్ల డాలర్లకు కొనేసింది. విన్‌రన్నర్ కనుమరుగైంది. క్యూటీపీ పేరు మార్చుకుని, చేతులు మారి, 2023 నాటికి ఓపెన్‌టెక్స్ట్ గూటికి చేరింది. మరోవైపు 2004లో షికాగోలోని థాట్‌వర్క్స్‌లో జేసన్ హగ్గిన్స్ రాసిన ఉచిత సాధనం బోర్డులెక్కింది. దాని పేరు సెలీనియం. మెర్క్యురీ అంటే పాదరసం, ఆ విషానికి విరుగుడు సెలీనియం అన్న హాస్యంలోంచి పుట్టిన పేరది. హాస్యం నిజమైంది. ఇప్పుడు సెలీనియం పక్కన, 2020లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ప్లేరైట్ పేరు కూడా కనిపిస్తోంది.

బోర్డు మార్చడానికి ఒక పెయింటర్ చాలు. అసలు చిక్కంతా పదేళ్లుగా పోగుపడిన వేలాది పరీక్షల్ని పాత సాధనం నుంచి కొత్తదానికి తరలించడంలో ఉంది. క్యూటీపీ పరీక్షలు రాసింది వీబీస్క్రిప్ట్‌లో. ఆ భాషను దశలవారీగా విండోస్ నుంచి తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023లో ప్రకటించింది. సెలీనియం వాడేవారి బాధ మరోరకం. క్రోమ్ బ్రౌజర్ దానంతటదే కొత్త వెర్షన్‌కు మారిపోయేది, దాన్ని నడిపే డ్రైవర్ పాతదే ఉండిపోయేది. తెల్లారేసరికి పరీక్షలన్నీ ఎర్రబారేవి. సరిపోయే డ్రైవర్‌ను సెలీనియమే వెతికి తెచ్చుకునే ఏర్పాటు 2022 చివర్లో గానీ రాలేదు.

ఎర్రబారితే నయమే, తప్పు కనబడుతుంది. ఆకుపచ్చగా ఉంటూ మోసం చేసేదే అసలు ప్రమాదం. జావా లోకంలో అందరూ వాడే జేయూనిట్‌నే తీసుకోండి. 1997లో జూరిచ్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో కెంట్ బెక్, ఎరిక్ గామా కలిసి కూర్చుని దీన్ని రాశారు. నాలుగో వెర్షన్ 2006లో, అయిదోది 2017లో, ఆరోది 2025లో వచ్చాయి. అయిదో వెర్షన్ లోపల ఇల్లంతా కొత్తగా కట్టారు. పాత పరీక్షలు నడవాలంటే 'వింటేజ్' అనే ఇంజిన్‌ను విడిగా జతచేయాలి. కోడ్‌ను కూర్చి పరీక్షల్ని నడిపించే మావెన్‌లో ష్యూర్‌ఫైర్ అనే భాగాన్ని కూడా మార్చాలి. ఎవరో ఒకటి మార్చి రెండోది మరిచారనుకోండి. పాత ష్యూర్‌ఫైర్‌కు కొత్త పరీక్షలు కనిపించవు. కనిపించనిదాన్ని నడపదు. నడవనిది ఫెయిల్ కాదు. 'నడిచిన పరీక్షలు: సున్నా' అని ఒక మూల రాసి, కింద పెద్ద అక్షరాల్లో 'బిల్డ్ సక్సెస్' అంటుంది. పరీక్ష హాలుకు ఒక్కరూ రాలేదు, ఎవరూ ఫెయిల్ కాలేదు, కాబట్టి నూటికి నూరు శాతం ఉత్తీర్ణత! కొన్ని కార్పొరేట్ కాలేజీల ప్రకటనలకు అలవాటుపడిన తెలుగు పాఠకులకు ఈ తర్కం కొత్తేమీ కాదు. ఇలాంటి సున్నాను తప్పుగా లెక్కించే పద్ధతి మరో బిల్డ్ సాధనం గ్రేడిల్‌లోకి 2025లో వచ్చింది. టెస్ట్ కోడ్ ఉండి కూడా ఒక్క పరీక్షా దొరక్కపోతే తొమ్మిదో వెర్షన్ పని ఆపేస్తుంది.

అసలు మార్చకుండా కూర్చుంటే? 'నడుస్తున్నదాన్ని కెలకొద్దు' అనే మేనేజర్లకు కొదవలేదు. 2020 జనవరి 15న వాళ్లకు గట్టి దెబ్బే తగిలింది. జావా లైబ్రరీలన్నీ దాచే మావెన్ సెంట్రల్, భద్రతలేని పాత తరహా కనెక్షన్లకు ఆ రోజు నుంచి తలుపు మూసింది. కోడ్‌లో అక్షరం మార్చకపోయినా పాత సెట్టింగులతో ఉన్న బిల్డులు కూలబడ్డాయి. 2021 డిసెంబరులో లాగ్4జే లైబ్రరీలో పెద్ద లొసుగు బయటపడినప్పుడు పరీక్ష ఇంకోలా ఎదురైంది. పరీక్షలు సరిగ్గా నడిచే జట్లు లైబ్రరీ మార్చి, ఏమీ చెడలేదని అప్పటికప్పుడు తేల్చుకోగలిగాయి. మిగతావాళ్లకు ఒక్కో స్క్రీనూ చేత్తో తెరిచి చూసుకోవడమే గతి.

ఖర్చు ఎంతవరకు పోగలదో అమెరికాలోని నైట్ క్యాపిటల్ చూపించింది. 2003లోనే వాడకం మానేసిన ఒక ఫంక్షన్ ఆ కంపెనీ షేర్ల సాఫ్ట్‌వేర్‌లో అలాగే పడుంది. 2005లో దాని పక్కనున్న కోడ్‌ను జరిపారు గానీ ఇది ఇంకా సరిగా పనిచేస్తోందా అని మళ్లీ పరీక్షించలేదు. 2012లో ఎనిమిది సర్వర్లలో కొత్త కోడ్ ఎక్కిస్తూ ఒకదాన్ని వదిలేశారు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఆ ఒక్క సర్వర్లో పాత దెయ్యం నిద్రలేచింది. 45 నిమిషాల్లో పోయింది 44 కోట్ల డాలర్ల పైమాటే. మార్కెట్ తెరవకముందే వ్యవస్థ తనంతట తానుగా సిబ్బందికి 97 హెచ్చరిక మెయిళ్లు పంపింది. ఎవరూ పట్టించుకోలేదు.

అమీర్‌పేట బ్యాచ్‌లో స్క్రిప్ట్ రాయడం నేర్పుతారు, ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పట్టిస్తారు. కాలేజీలో బ్లాక్ బాక్స్, వైట్ బాక్స్ నిర్వచనాలకు మార్కులు పడతాయి. ఇంకొకరు పదేళ్ల కిందట రాసి వెళ్లిపోయిన పరీక్షల్ని కొత్త ఇంట్లోకి తరలించే విద్య రెండుచోట్లా అరుదే. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది కుర్రాళ్ల నెత్తిన పడేది సరిగ్గా ఆ పనే.

ఎదురుదెబ్బలు తిన్నవాళ్లు పాటించే పద్ధతి సాదాసీదాది. మార్పుకు ముందు ఎన్ని పరీక్షలు నడిచాయో అంకె రాసి పెట్టుకుంటారు. మార్చాక అదే అంకె వచ్చిందో లేదో చూస్తారు. ఒకటి తగ్గినా ముందుకు కదలరు. బిల్డ్ సాధనాన్నీ, పరీక్షల సాధనాన్నీ, జావా వెర్షన్‌నూ ఒకే రోజు మార్చరు. మారిస్తే తప్పు ఎక్కడుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. అంతా ఆకుపచ్చగా కనిపించాక కూడా ఇంకో పని మిగులుతుంది. రెండు రెళ్లు అయిదు అని చెప్పే తప్పుడు పరీక్ష ఒకటి కావాలని రాసి నడుపుతారు. తెర ఎర్రబడితే ఊపిరి పీల్చుకుని, దాన్ని చెరిపేసి, ఇంటికి బయల్దేరతారు.