వేలు పడకపోతే మనిషే లేనట్టా?

వికారాబాద్ జిల్లాలోని అనంతగిరి గాలి ఒంటికి మంచిదని నిజాం కాలంలోనే గుర్తించి క్షయ రోగులకు అక్కడ ఆసుపత్రి కట్టారు. ఇప్పుడు అదే గాలిని రిసార్టులు రాత్రికింతని అమ్ముతున్నాయి. ఆ అడవిలో పర్యావరణ పర్యాటకానికి కేంద్రం 38 కోట్లు ఇస్తోంది. 2024 మార్చిలో ప్రధాని శ్రీనగర్‌లో ప్రారంభించిన పథకాల్లో అదీ ఒకటి. సెలవు దొరికితే చాలు, హైదరాబాద్ వాళ్ళు ఆరోగ్యం కోసం ఈ గుట్టలెక్కుతున్నారు. మరి ఈ గుట్టల చుట్టూ పరిగి, తాండూరు, కొడంగల్ తండాల్లో పుట్టి ఇక్కడే ముసలివాళ్ళయిన లంబాడీల సంగతి ఎవరికి పట్టింది?

పింఛనిచ్చే రోజున వెళ్ళి చూడండి. కందిచేలల్లో కలుపు తీసి, తాండూరు గనుల్లో నాపరాళ్ళు మోసి, బొంబాయిలో, పూణెలో సిమెంటు తట్టలెత్తి అరిగిపోయిన వేళ్ళు అవి. వేలిముద్రల మిషన్ మీద పెడితే పడవు. చెయ్యి కడుక్కుని రమ్మంటారు. మళ్ళీ పడదు. రేపు రమ్మంటారు. ఆ వేలు ఎందుకరిగిందని ఒక్కరూ అడగరు. 2025లో ముఖం గుర్తుపట్టే యాప్ తెచ్చారు. తండా మొత్తం ఎరిగిన ముఖమే అయినా ఫోను ఒప్పుకుంటేనే డబ్బు. ఆ డబ్బైనా ఎంత? 2025లో నెలకు 2,016 రూపాయలు. 2023 ఎన్నికల్లో నాలుగు వేలన్నారు. గెలిచాక కూడా చేతికొచ్చింది పాత లెక్కే. ఎనభై నిండనివాళ్ళకు కేంద్రం ఇచ్చే వాటా 200 రూపాయలు. 2007 నుంచి 2025 దాకా అది పైసా పెరగలేదు. ఈ పద్దెనిమిదేళ్లలో ఏ సరుకు ధర అలా నిలిచి ఉందో ఎవరైనా చూపించగలరా?

అయితే నా కోపం డబ్బు గురించి మాత్రమే కాదు. తండాలో ముసలితనమంటే పక్కకు తప్పుకుని మూల కూర్చోవడం కాదు. తగువొస్తే నాయక్, కారోబారి పక్కన పెద్దలు కూర్చుంటేనే తీర్పు. తీజ్ పండక్కి పెళ్ళికాని పిల్లలు గోధుమ మొలకలకు నీళ్ళు పోస్తుంటే పాట ఎత్తుకునేది ముసలమ్మలే. పెళ్ళికూతురు అత్తింటికి కదిలేటప్పుడు ఏడుస్తూ పాడే ఢావ్లో నేర్పేది కూడా వాళ్ళే. వాళ్ళ భాష గోర్ బోలికి సొంత లిపి లేదు. ఆ పాటలు, వంశాల వరసలు, సేవాలాల్ కథలు వాళ్ళ నోట్లోనే ఉన్నాయి. కొడుకూ కోడలూ వలసపోతారు, మనుమలు హాస్టళ్ళలో తెలుగూ ఇంగ్లీషూ చదువుతారు. ఇక నేర్పడానికి ఎదురుగా ఎవరున్నారు? ఆకలి కన్నా ఇది ఎక్కువ కోస్తుంది.

అలాస్కాలోని బ్రిస్టల్ బే ప్రాంతంలో ఆదివాసీ పెద్దల్ని అడిగి జోర్డాన్ లూయిస్ అనే పరిశోధకుడు 2011లో ఒక వ్యాసం ప్రచురించాడు. మంచి ముసలితనమంటే వాళ్ళు ఒంటి ఆరోగ్యం ఒక్కటే చెప్పలేదు. మనసు కుదురు, భక్తి, తమ జనానికి పనికి రావడం కూడా చెప్పారు. ఆ మాట వినడానికి అంత దూరం పోనక్కర్లేదు. ఏ తండాకైనా వెళ్ళి ఒక యాడి (తల్లి) పక్కన కూర్చుంటే చాలు. కానీ కూర్చునేదెవరు?

ఆ పనికొచ్చే బతుక్కి కాళ్ళ కింద భూమి ఉండాలి. దుద్యాల మండలంలో ఫార్మా కోసం భూములు తీసుకుంటామన్నారు. 2024 నవంబరు 11న లగచర్ల జనం అభిప్రాయం వింటామని సభ పెట్టారు, అదీ ఊళ్ళో కాదు, ఊరికి దూరంగా. ఊళ్ళోకి వచ్చిన అధికారుల మీద చేతులు పడ్డాయి. అది తప్పే. కానీ ఆ రాత్రి పోలీసులు ఇళ్ళ మీద పడి మగవాళ్ళను పట్టుకుపోతే, రోటిబండ తండా ఆడవాళ్ళు ఢిల్లీ దాకా పోయి ఎస్టీ కమిషన్ ముందు, మానవ హక్కుల కమిషన్ ముందు గోడు వెళ్ళబోసుకోవలసి వచ్చింది. ఈ జిల్లా ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు, ఏజెన్సీ భూములకున్న రక్షణ ఇక్కడి గిరిజనులకు లేదు. ఆ నెలాఖరుకు ఫార్మా వద్దన్నారు, పారిశ్రామిక పార్కు అన్నారు. పేరు మారితే ముసలివాళ్ళకు ఏం ఒరిగింది? పోయే చేను అదే కదా! లగచర్ల సభకు నెల ముందు, అక్టోబరు 15న, పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి 2,900 ఎకరాల్లో శంకుస్థాపన చేశారు. దేశానికి అది అవసరమే కావచ్చు. ఆ అడవిలో పశువులు మేపిన ముసలాయన్ని ఒక్క మాట అడగడం కూడా అవసరం కాదా?

పింఛను తండాకే రావాలి. వేలు పడకపోతే పంచాయతీ సాక్ష్యం చాలాలి. భూమి మాట ఎత్తే ప్రతి సభా తండా మధ్యలో, గోర్ బోలిలో, ముసలివాళ్ళను ముందు కూర్చోబెట్టి జరగాలి. బళ్ళో వారానికొక పూట ఆ యాడీలను పిలిచి పిల్లలకు పాటలు నేర్పించాలి, కూలి ఇచ్చి మరీ. వీటికి 38 కోట్లు అక్కర్లేదు. ఎందుకు చెయ్యలేదో వికారాబాద్ కలెక్టరేట్‌లో ఎవరో ఒకరు లేచి, ఆ ముసలివాళ్ళ ముఖం మీదే చెప్పండి.