హకీకత్ ఎవరిది?

సూరత్ అంటే చీరలు, వజ్రాలు. పుస్తకాలు గుర్తుకురావు. కానీ 1866లో ఈ ఊరు గుజరాతీకి ఒకేసారి రెండు ప్రక్రియలు ఇచ్చింది. నందశంకర్ మెహతా 'కరణ్ ఘేలో' తొలి నవల. నర్మద్ 'మారీ హకీకత్' తొలి ఆత్మకథగా పేరొందింది. మంత్రి భార్యను చెరపట్టి రాజ్యం పోగొట్టుకున్న రాజు కథ ఆ ఏడాదే అచ్చయింది. తన సంగతులు తానే చెప్పుకున్న పుస్తకం మాత్రం 1933 దాకా పాఠకులకు అందలేదు. అప్పటికి నర్మద్ పోయి 47 ఏళ్లు.

కల్పనకు దొరికే వెసులుబాటు నిజానికి దొరకదు. నేటి ఆసియా సాహిత్యం బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. 1980 నాటి గ్వాంగ్జూ ఊచకోతలో పోయినవారికి హాన్ కాంగ్ 'హ్యూమన్ యాక్ట్స్' నవలలో గొంతునిచ్చారు. 2024లో నోబెల్ అందుకున్నారు. బతికున్నవారి జ్ఞాపకం చేరలేని చోటికి నవల చేరగలదు. జ్ఞాపకాల రచనల్లో 1991 నాటి యుంగ్ చాంగ్ 'వైల్డ్ స్వాన్స్' మూడు తరాల స్త్రీల ద్వారా చైనా శతాబ్దాన్ని చూపింది. ఆ తర్వాత అదే అచ్చులో పోసిన పుస్తకాలు ఎన్నో. అమ్మమ్మ కష్టాలు, అమ్మ రాజీలు, చివరికి విదేశానికి విమానం. నవలల్లోనూ కొన్ని ఇంట్లో వంటను సైతం బయటి పాఠకుడికి విడమరచి చెబుతుంటాయి.

అసలు లోటు వేరు. రాయడానికి తీరిక ఉన్నవారే తమ జీవితం రాస్తున్నారు. గుర్గావ్‌లో ఇంటిపని చేస్తూ బేబీ హల్దార్ బెంగాలీలో రాసుకున్న 'ఆలో ఆంధారి' 2002లో హిందీలో వచ్చి ఆ గోడకు కన్నం పెట్టింది. అయితే అందుకు ఆమె యజమాని, రచయిత ప్రబోధ్ కుమార్ చేతికి నోటుపుస్తకం, కలం అందించాల్సి వచ్చింది.

సూరత్ మరమగ్గాల మీద తెలంగాణ పద్మశాలీలు తరాలుగా పనిచేస్తున్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంతగా ఇక్కడ మనవాళ్లున్నారు. ఊళ్లో మగ్గం ఆగిన రోజు, రైలెక్కిన రాత్రి, సాంచాల హోరులో పోయిన వినికిడి... ఇదంతా ఎవరు రాస్తారు? నర్మద్ హకీకత్ కాగితం మీదికెక్కాక ఆగింది. వీరిలో చాలామందిది ఇంకా నోటి మీదే ఉంది. చెప్పగలిగినవారు ముసలివాళ్లవుతున్నారు.