చిన్న శీతల గదికీ రాయితీ ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ ఉద్యాన శాఖ కమిషనర్ గారికి,

దోర టమాటాకైనా, మామిడికైనా సున్నా డిగ్రీల చలి అక్కర్లేదు. 12, 13 డిగ్రీలు చాలు. అంతకంటే బాగా తగ్గితే కాయ దెబ్బతిని సరిగా మాగదు. ఆ చలిని మామూలు స్ప్లిట్ ఏసీ కూడా ఇవ్వగలదు. అది 16 డిగ్రీల దగ్గర ఆగిపోవడం కంప్రెసర్ చేతగానితనం కాదు, థర్మోస్టాట్‌కు పెట్టిన హద్దు. సెన్సర్‌ను కాస్త వేడిచేసి ఆ హద్దు దాటించే కంట్రోలర్లు ఉన్నాయి. కాబట్టి సన్నకారు రైతు కట్టుకునే చిన్న గదికి పెద్ద కోల్డ్ స్టోరేజీ యంత్రాలే కావాలనడం సబబు కాదు.

ఏసీ కాయిల్‌పై మంచు కడుతుందని, కరెంటు ఖర్చు ఎక్కువని అభ్యంతరాలు రావచ్చు. మంచు కట్టడం మొదలవగానే కంప్రెసర్‌ను ఆపి, ఫ్యాన్‌తో కరిగించే ఏర్పాటు ఆ కంట్రోలర్లలోనే ఉంటుంది. కరెంటు బిల్లును నిర్ణయించేది ఏసీ టన్నుల కన్నా గోడలే: 100 మిల్లీమీటర్ల పఫ్ (పాలీయురేథేన్ ఫోమ్) ప్యానెళ్లు, సందుల్లేని తలుపు, నేలకూ ఇన్సులేషన్ ఉంటే చలి నిలుస్తుంది. చల్లటి పొద్దున కోసిన కాయ పెడితే భారం ఇంకా తగ్గుతుంది. నెలల తరబడి నిల్వకు ఇది పనికిరాదు, నిజమే. కానీ ధర పడిన నాడు నాలుగు రోజులు ఆగగలగడమే చిన్న రైతుకు బలం. అందుకే ఏసీ బ్రాండును కాక ఇన్సులేషన్ మందాన్ని, కంట్రోలర్‌ను, ఎర్తింగ్‌ను ప్రమాణాలుగా పెట్టి, ఇలాంటి గదులకూ రాయితీ వర్తింపజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పౌరుడు