గీత లేని అక్షరము

శ్రీరుద్రప్రశ్న సంథ పూర్తి చేసుకొన్న విద్యార్థి ముందు స్వరయుక్తమైన పుస్తకాన్ని తెరచి ఉంచి, ఇందులో ఉదాత్తం ఎక్కడున్నదో చూపుమని అడిగితే, అనేకులు అక్షరంపైనున్న నిలువుగీతను చూపుతారు. అది స్వరితము. అక్షరం క్రిందనున్న అడ్డగీత అనుదాత్తము. తైత్తిరీయ గ్రంథాల ముద్రణలో ఉదాత్తానికి ఏ గుర్తూ లేదు. పదానికి ప్రాణభూతమైన స్వరమేదో అదే వ్రాతలో కనిపించదు. గీత లేని అక్షరంలో అది మౌనంగా కూర్చుని ఉంటుంది.

కంఠం సరిగా పలుకుతున్నప్పుడు పేరు తప్పితే వచ్చే నష్టమేమిటని అడిగేవారున్నారు. నష్టమున్నది. ఆ విద్యార్థి నేర్చినది స్వరం కాదు, స్వరపు బాణీ. బాణీ స్మృతిలో ఉన్నంతకాలం పారాయణం సాగుతుంది. ఒకచోట జారితే, జారినట్లు తెలుసుకొనే సాధనం అతని వద్ద లేదు.

ఈ భ్రమకు కారణం లేకపోలేదు. ఉదాత్తం ఉచ్చస్వరమని, అనుదాత్తం నీచస్వరమని, స్వరితం ఆ రెంటి కలయిక అని పాణిని లక్షణం. దక్షిణదేశపు తైత్తిరీయ పాఠంలో చెవికి వినిపించేది వేరు. అనుదాత్తం క్రింద, ఉదాత్తం మధ్యమంగా, స్వరితం అన్నింటికంటె పైన వినవస్తాయి. అందుచేత ఉచ్చమంటే పైగీతయే అని పిల్లవాడు నిశ్చయించుకొంటాడు. ఉదాత్తం వెంట వచ్చే స్వరితపు ఆదిభాగం ఉదాత్తం కంటె ఉచ్చతరమని తైత్తిరీయ ప్రాతిశాఖ్యమే చెబుతున్నది. ఈ ఒక్క విషయాన్ని సంథ మొదటి వారంలోనే చెబితే వినికిడికి, లక్షణానికి మధ్య కలహం తీరిపోతుంది. చెప్పేవారు తక్కువ.

గీతనే ప్రమాణంగా పట్టుకొన్నవాడు శాఖాంతర గ్రంథాన్ని తెరిస్తే మరింత చిక్కున పడతాడు. శతపథ బ్రాహ్మణంలో అక్షరం క్రింది అడ్డగీత ఉదాత్తానికి చిహ్నము. సామవేద సంహితలో గీతల స్థానే అక్షరాలపై అంకెలుంటాయి. ఒకే గీత ఒక గ్రంథంలో అనుదాత్తం, మరొక గ్రంథంలో ఉదాత్తం. లిపి స్వరానికి జ్ఞాపిక మాత్రమే. ఆ జ్ఞాపిక కూడా శాఖను బట్టి మారుతుంది.

ఇక స్వరం అర్థాన్ని ఏమి చేస్తుందన్న ప్రశ్న ఉన్నది. ఇంద్రశత్రు వృత్తాంతం ప్రవచనాలలో పలుమార్లు వినబడుతుంది. కుమారుడైన విశ్వరూపుని వధించిన ఇంద్రునిపై క్రోధంతో త్వష్ట శేషించిన సోమరసాన్ని అగ్నిలో వ్రేల్చి, ఇంద్రుని సంహరించేవాడు పుట్టవలెనని సంకల్పించాడు. ఆ సమాసం అంతోదాత్తమైతే తత్పురుషమై, ఇంద్రునికి శత్రువు, అనగా ఇంద్రుని చంపేవాడు అని అర్థము. ఆద్యుదాత్తంగా పలికితే బహువ్రీహియై, ఎవనికి ఇంద్రుడు శత్రువో, ఎవనిని ఇంద్రుడు చంపుతాడో వాడు అని అర్థము. త్వష్ట పలుకులో అక్షరలోపం లేదు, సంకల్పలోపమూ లేదు. ఫలం మాత్రం సంకల్పాన్ని కాక, పలికిన స్వరాన్ని అనుసరించింది. వ్యాకరణాధ్యయనానికి ప్రయోజనాలను చెబుతూ పతంజలి మహాభాష్యారంభంలోనే ఈ ఉదాహరణను చూపాడు. ప్రవచనకారులు దీనిని తప్పు పలికితే కీడు జరుగుతుందని భయపెట్టడానికి వాడుతున్నారు. పతంజలి ఉద్దేశం భయం కాదు. స్వరం తెలియనిదే సమాసం తెలియదు, సమాసం తెలియనిదే వాక్యం తెలియదు అన్నది అక్కడి విషయము.

ఇటువంటివి ఇంకా ఉన్నాయి. తెలుగువాని చెవికి 'క్షయ' అనగానే రోగమో, నాశనమో స్ఫురిస్తుంది. వేదంలో ఆ పదం ఆద్యుదాత్తమైతే నివాసము, అంతోదాత్తమైతే క్షీణత. నివాసార్థంలో ఆద్యుదాత్తాన్ని విధించడానికి పాణిని ఒక సూత్రాన్నే కేటాయించాడు. 'బ్రహ్మన్' శబ్దం ఆద్యుదాత్తమైతే నపుంసకలింగము, మంత్రమని, స్తుతి అని అర్థము. అంతోదాత్తమైతే పుంలింగమై ఆ మంత్రాన్ని ధరించే ఋత్విజుని చెబుతుంది.

అయితే విద్యార్థికి ఇవన్నీ దూరపు ఉదాహరణలు. ప్రతిదినం అభిషేకంలో వల్లించే రుద్రంలోనే దీనికంటె చక్కని పాఠం ఉన్నది. నమక ప్రథమ మంత్రంలో నమశ్శబ్దం తరువాత 'తే', ఆపైన 'రుద్ర' అనే పదాలు వస్తాయి. పుస్తకంలో మొదటి అక్షరమైన 'న'కు గీత లేదు. 'తే'కు లేదు, 'రుద్ర'లోని రెండక్షరాలకూ లేదు. కంటికి అన్నీ సమానమే. చెవికి కూడా దాదాపు సమానమే. కాని 'న' ఉదాత్తము. 'రుద్ర' సర్వానుదాత్తము. స్వరితం వెంట వచ్చిన అనుదాత్తాలు సంహితలో ప్రచయమై ఉదాత్తం వలె వినిపిస్తాయని ప్రాతిశాఖ్యం చెప్పింది గనుక అక్కడ గీత తొలగిపోయింది. వ్రాత ఈ భేదాన్ని చూపలేదు, ధ్వని కూడా చూపలేదు. చూపేది పదపాఠము. పదపాఠంలో 'తే' క్రింద గీత ఉన్నది, 'రుద్ర' పదంలోని రెండక్షరాల క్రిందా గీతలున్నాయి.

అక్కడ 'రుద్ర' ఎందుకు సర్వానుదాత్తమైనది? సంబోధనం కనుక. పాదం మొదట కాక నడుమ వచ్చిన సంబోధనపదం తన ఉదాత్తాన్ని విడుస్తుంది. ఎనిమిదవ అనువాకంలో వచ్చే 'రుద్రాయ' పదాన్ని దీని ప్రక్కన ఉంచి చూడాలి. అక్కడ 'రు' క్రింద అడ్డగీత, 'ద్రా'కు గీత లేదు, 'య'పై నిలువుగీత. ఉదాత్తం 'ద్రా' మీద నిలిచి ఉన్నది. ఒకచోట స్వామిని ఎదుట నిలుపుకొని పిలుస్తున్నారు, మరొకచోట స్వామికి నమస్కారం సమర్పిస్తున్నారు. ఆ భేదాన్ని విభక్తి ఎంత స్పష్టంగా చెబుతున్నదో స్వరమూ అంతే స్పష్టంగా చెబుతున్నది. ఈ రెండు చోట్లను ప్రక్కప్రక్కన చూపిన గురువు వద్ద చదివిన పిల్లవాడు 'రుద్ర' అని పలికినప్పుడు తాను ఎవరితో మాట్లాడుతున్నాడో ఎరుగును. అభిషేకం చేసే చేతికి, మంత్రం పలికే నోటికి ఆ ఎరుక అవసరం లేదనగలవారెవరు?

క్రియాపదాల విషయంలోనూ ఇట్టి వ్యవస్థయే ఉన్నది. ప్రధానవాక్యం నడుమ వచ్చిన తిఙంతం నిఘాతం పొంది అనుదాత్తమవుతుంది. యచ్ఛబ్దంతో కూడిన ఉపవాక్యంలో తన ఉదాత్తాన్ని నిలుపుకొంటుంది. వాక్యం ఇక్కడ పూర్తి కాలేదు, ఇంకా విను అని స్వరమే హెచ్చరిస్తుంది. విరామచిహ్నాలు లేని వాఙ్మయంలో ఆ పనిని స్వరం నిర్వహించింది.

పాఠశాలలలో జరుగుతున్నదేమిటి? గురువు ఒకమారు చెప్పగా శిష్యులు రెండుమార్లు అంటారు. ఈ సంథాక్రమం వంటి సాధనం మరొకటి లేదు, దానిని కదల్చరాదు. సంహిత, పదం, క్రమం, జట, ఘనం వరకు సాధించిన ఘనపాఠులు నేటికీ ఆంధ్ర, తెలంగాణ దేశాలలో ఉన్నారు. వారి కంఠంలో స్వరం చెడదు. కాని ఈ పదం ఇక్కడ సర్వానుదాత్తం ఎందుకైనదని అడిగితే, పాఠం అట్లే వచ్చినదని సమాధానం చెప్పేవారు వారిలోనూ కలరు. మరొకవైపు సంస్కృత విభాగాలలో స్వరప్రక్రియను సిద్ధాంతకౌముది నుండి పరీక్షకు చదివినవారున్నారు. సూత్రం చెప్పగలరు, ఒక్క మంత్రాన్ని స్వరంతో పలకలేరు. అర్థం తెలియక వేదం చదివినవానిని యాస్కుడు బరువు మోసే స్తంభంతో పోల్చాడు. పలకలేని పండితునికి ఆయన ఉపమానం చెప్పలేదు, బహుశా ఆ కాలంలో అట్టివారు ఉండి ఉండరు.

పతంజలి కాలంలో ఉదాత్తానికి బదులు అనుదాత్తం పలికిన శిష్యుని ఉపాధ్యాయుడు చెంపపై కొట్టేవాడని మహాభాష్యం వలన తెలుస్తున్నది. కేరళలో నంబూద్రుల ఋగ్వేదాధ్యాపనంలో గురువు శిష్యుని శిరస్సును చేతితో పట్టి స్వరానుసారంగా వంచుతాడు. చెంపదెబ్బ పోయినందుకు చింతలేదు. దాని స్థానంలోకి వచ్చిన ధ్వనిముద్రణ మాత్రం తప్పు పలికినవానిని ఎన్నడూ ఆపదు. అది తన పాఠాన్ని తాను చెప్పుకొని పోతుంది. చరవాణిలో విని, చౌక ప్రతిని చూచి, నలుబది దినాలలో రుద్రం నేర్చితిమనేవారి సంఖ్య పెరుగుతున్నది. వారి శ్రద్ధ గౌరవింపదగినదే. ఆ ప్రతులలో గీత ఒక అక్షరం ప్రక్కకు జరిగి అచ్చయితే పట్టుకొనేదెవరు? లక్షణం తెలిసినవానికి అది కష్టం కాదు. నిలువుగీతకు ముందటి అక్షరం సాధారణంగా గీత లేనిదై, ఉదాత్తమై ఉండాలి. అడ్డగీతకు వెంటనే నిలువుగీత కనబడితే అది జాత్యాదులలో చేరిన స్వతంత్ర స్వరితమైనా కావాలి, అచ్చుతప్పైనా కావాలి. ఈ ఒక్క పరీక్ష నేర్పడానికి ఒక పూట చాలు.

స్వరం అర్థవాహకమన్న మాట పిల్లలకు కొత్త కాదు. 'సరే' అన్న ఒక్క మాటతో తల్లి అంగీకారాన్నీ, విసుగునూ, బెదిరింపునూ చెప్పగలదని ప్రతి బాలునికీ తెలుసు. ఆలంకారికులు దీనినే కాకువు అన్నారు. నాట్యశాస్త్రంలో భరతముని ఉదాత్తానుదాత్త స్వరిత కంపితాలను పాఠ్యంలో రసానుగుణంగా వినియోగించమన్నాడు. బోధన ఇక్కడ నుండి ప్రారంభమైతే మంచిదే. ఇక్కడే ఆగితే ప్రమాదము. కాకువు వక్త భావాన్ని అనుసరించి మారుతుంది. వేదస్వరం పలికేవాని భావాన్ని బట్టి మారదు, అది పదంతోపాటు వచ్చినది. వాద్యసహకారంతో, రాగచ్ఛాయలతో, ఆర్ద్రస్వరంతో రుద్రాన్ని గానం చేసి వినిపించే ముద్రణలు శ్రోతకు ఆనందం కలిగించవచ్చు. రాగం కోసం స్వరితాన్ని దించినప్పుడు, తాళం కోసం హ్రస్వాన్ని సాగదీసినప్పుడు అది మంత్రపాఠం కాజాలదు. విద్యార్థికి వాటిని ఆదర్శంగా చూపడం అనుచితము.

భగవంతుడు భావాన్ని గ్రహిస్తాడు, స్వరాన్ని లెక్కించడు అని భక్తులు అంటారు. నిజమే. అందుకే నామస్మరణకు స్వరనియమం లేదు. విష్ణుసహస్రనామానికి, శివస్తోత్రాలకు ఉదాత్తాది నియమం లేదు, వర్ణశుద్ధి ఉంటే చాలు. స్వరం సాధించే అవకాశం లేని భక్తుడు పంచాక్షరిని జపిస్తే అతనికి లోపమేమీ రాదు. మంత్రసంహితను స్వీకరించినవాడు మాత్రం దానిని స్వరంతోనే స్వీకరించాలి. తైత్తిరీయోపనిషత్తు శిక్షావిషయాలను లెక్కించినప్పుడు వర్ణం వెంటనే స్వరాన్నే పేర్కొన్నది.

రుద్రాధ్యాపకులు చేయదగినది పెద్దది కాదు. ప్రథమానువాకపు సంహిత సంథ ముగిసిన తరువాత రెండవదానికి పోకుండా, అదే అనువాకానికి పదపాఠం చెప్పాలి. ప్రతి పదంలో ఉదాత్తం ఎక్కడున్నదో శిష్యుని చేతనే వేలితో చూపించాలి. లేని పదాలను వేరుగా వ్రాయించి, ఎందుకు లేదో అడగాలి. ఆ పట్టికలో చేరే మొదటి రెండు పదాలు 'తే', 'రుద్ర'. మిగిలిన పది అనువాకాలకు ఇంత కాలం పట్టదు.