రెండిండ్ల బిడ్డకు ఒకే నియమము

తలిదండ్రులు విడిపోయినప్పుడు బిడ్డకు రెండిండ్లు ఏర్పడుచున్నవి. వారమంతయు తల్లియొద్ద, సెలవు దినములలో తండ్రియొద్ద ఉండుట ఇప్పుడు మన యూళ్లలోను వింత కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలో అట్టి బాలుడొకడు ఉండెను. సోమవారమునాడు అతడు వచ్చినప్పుడెల్ల చొక్కానుండి సిగరెట్టు వాసన వచ్చుచుండెను. మధ్యాహ్నము వరకును దగ్గు విడువకుండెను. కారణమడిగితిని. "అమ్మతో చెప్పకండి, మాస్టారూ! చెప్పితే నన్ను నాన్నగారి దగ్గరకు పంపదు" అని తల వంచుకొనెను.

తండ్రి దూరమగునేమో యను భయమున ఆ పసివాడు తన దగ్గును దాచుకొనెను. నేనును ఊరకుంటిని. అది తప్పని ఇప్పుడు తోచుచున్నది.

పొగ త్రాగువానికే కీడని పూర్వము తలచిరి. 1981వ సంవత్సరమున జపాను దేశపు పరిశోధకుడు హిరయామా, పొగత్రాగు భర్తలు గల స్త్రీలకు, తాము త్రాగకున్నను, ఊపిరితిత్తుల క్యాన్సరు హెచ్చుగా వచ్చుచున్నదని ప్రకటించెను. పరుల పొగలో హానిలేని పరిమాణమనునది లేదనియు, దానివలన పిల్లలకు ఉబ్బసము ముదురుననియు, చెవి వ్యాధులును శ్వాసకోశ వ్యాధులును కలుగుననియు, గాలి వచ్చునట్లు చేసినంతమాత్రమున ఆ హాని పోదనియు 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక స్పష్టపరచెను.

మన దేశమున 2003లో చేయబడిన పొగాకు చట్టమును, 2008 అక్టోబరు 2వ తేదీనుండి అమలైన నియమములును బహిరంగ స్థలములలో పొగత్రాగుటను నిషేధించుచున్నవి. కాని ఆ నిషేధము ఇంటి గడప దాటి లోనికి రాదు. అచ్చట కాపాడవలసినవారు తలిదండ్రులే. 1890వ సంవత్సరపు సంరక్షకుల చట్టము బిడ్డ క్షేమమును చూడుమని న్యాయస్థానములకు చెప్పుచున్నది. ఉమ్మడి సంరక్షణకు చట్టమున చోటిమ్మని 2015లో లా కమిషను తన 257వ నివేదికలో సిఫారసు చేసెను. బిడ్డ ఏ దినమున ఎవరియొద్ద ఉండవలెనో, బడి జీతమెవరు కట్టవలెనో వ్రాసికొనుచున్నారు గదా! "బిడ్డ ఉండు ఇంటను, బండిలోను ఎవరును పొగ త్రాగరాదు" అను ఒక్క పంక్తి కూడ అందు వ్రాసికొన్న కష్టమేమి?

ఈ నియమము రెండిండ్లకును సమానముగా ఉండవలెను. తండ్రి సిగరెట్టును దూషించు తల్లి తన ఇంట తాతగారి చుట్టను చూచి ఊరకుండరాదు. తల్లులారా, ఈ పొగను వ్యాజ్యములో ఆయుధముగా పట్టకుడు. బిడ్డను సాక్షిగా నిలుపకుడు. తండ్రి ఈ నియమము పాటించెనేని బిడ్డను సంతోషముతో పంపుడు. తండ్రులారా, "నా ఇంట నన్నడుగువారెవరు?" అనకుడు. ఆ గాలిని పీల్చువాడు అడుగలేడు. అడిగిన మీరు దూరమగుదురేమో యని వాని భయము. చిరకాలపు అలవాటు మానుట కష్టమే. వైద్యుల సాయము పొందుడు. అంతవరకు బిడ్డ మసలు గదులలో ఏ దినమునను చుట్టగాని బీడీగాని సిగరెట్టుగాని వెలిగింపకుడు.

విద్యార్థులారా, పొగవలన దగ్గు వచ్చుచున్నదని చెప్పుట తండ్రిమీద నేరము మోపుట కాదు. నాతోనైనను, మీకు నమ్మకముగల మరియే యుపాధ్యాయునితోనైనను చెప్పుడు. ఈ మారు నేను ఊరకుండను.