నెస్లే - వాతావరణ మార్పు

నెస్లే స్విట్జర్లాండు దేశానికి చెందిన బహుళజాతి ఆహార, పానీయాల సంస్థ. దీని ప్రధాన కార్యాలయం జెనీవా సరస్సు ఒడ్డున వెవే పట్టణంలో ఉన్నది. మాగీ, నెస్కెఫే, కిట్‌క్యాట్, మిల్క్‌మెయిడ్ భారతదేశంలో అందరికీ తెలిసిన దీని ఉత్పత్తులు. 2050 నాటికి తమ గ్రీన్‌హౌస్ వాయువులను నికరంగా శూన్యానికి తీసుకురాగలమని ఈ సంస్థ 2019 సెప్టెంబరులో ప్రకటించింది. అయితే ఆ లక్ష్యం నెరవేరడం సంస్థ ఫ్యాక్టరీల కంటే, సంస్థకు చెందని పొలాల మీద, పాడిపశువుల మీద ఎక్కువగా ఆధారపడి ఉన్నది.

ఉద్గారాల లెక్క

ఒక సంస్థ వలన వెలువడే గ్రీన్‌హౌస్ వాయువులను మూడు భాగాలుగా లెక్కిస్తారు. సొంత బాయిలర్లు, వాహనాల నుండి వెలువడేవి మొదటి భాగం. కొనుగోలు చేసిన విద్యుత్తు వలన కలిగేవి రెండవ భాగం. ముడిసరుకులు, రవాణా, ప్యాకింగు మొదలైన వాటివలన ఇతరుల వద్ద వెలువడేవి మూడవ భాగం. నెస్లే విషయంలో సుమారు 95 శాతం ఈ మూడవ భాగానికి చెందినవే.

2020 డిసెంబరులో సంస్థ విడుదల చేసిన ప్రణాళిక ప్రకారం, 2018లో లక్ష్యం పరిధిలోనికి వచ్చే ఉద్గారాలు 9.2 కోట్ల టన్నులు. ఇందులో ముడిసరుకుల వాటా 6.56 కోట్ల టన్నులు. ప్యాకింగు 1.1 కోట్లు, రవాణా 75 లక్షలు, ఫ్యాక్టరీలు 70 లక్షల టన్నులు మాత్రమే. వినియోగదారులు ఇంట్లో వండుకొనేటప్పుడు ఖర్చయ్యే ఇంధనం వంటివి ఈ లెక్కలో చేరలేదు. వాటిని కలిపితే మొత్తం 11.3 కోట్ల టన్నులు.

లక్ష్యాలు

2018తో పోలిస్తే 2025 నాటికి 20 శాతం, 2030 నాటికి 50 శాతం తగ్గించడం ఈ ప్రణాళికలోని లక్ష్యాలు. ఇందుకై అయిదేళ్ళలో 320 కోట్ల స్విస్ ఫ్రాంకులు కేటాయిస్తామని సంస్థ ప్రకటించింది. అందులో 120 కోట్లు నేలసారాన్ని పెంచే వ్యవసాయ పద్ధతులకు ఉద్దేశించినవి.

50 శాతం తగ్గిస్తే మిగలవలసినది 4.6 కోట్ల టన్నులు. ఫ్యాక్టరీలు, లారీలు, ప్యాకింగు పూర్తిగా కాలుష్యరహితమైనా ముడిసరుకుల నుండి 6.56 కోట్ల టన్నులు అలాగే మిగులుతాయి. అనగా సౌరవిద్యుత్తుతోను, కాగితపు సంచులతోను మాత్రమే ఈ లక్ష్యాన్ని చేరుకోవడం సాధ్యం కాదు.

పాలు, మీథేన్

ముడిసరుకుల ఉద్గారాలలో సగానికి పైగా, 3.42 కోట్ల టన్నులు, పాడి మరియు పశుసంపద నుండి వచ్చేవే. ఆవులు, గేదెలు నెమరువేసే జంతువులు. వాటి కడుపులోని సూక్ష్మజీవులు మేతను జీర్ణం చేసేటప్పుడు మీథేన్ పుడుతుంది. అది ఎక్కువగా త్రేన్పుల ద్వారా బయటకు వస్తుంది. వందేళ్ళ కాలానికి లెక్కిస్తే, కార్బన్ డయాక్సైడు కంటే మీథేన్ 27 రెట్లకు పైగా వేడిమిని పెంచుతుంది.

మంచి మేత, పశువైద్యం, పేడ నుండి గోబర్ గ్యాసు తయారీ, మీథేన్‌ను తగ్గించే దాణా మందులు ఇందుకు ఉన్న మార్గాలు. కాని దాణా మందుల వలన పాల దిగుబడి చెప్పుకోదగినంతగా పెరగదు. అందువలన ఆ ఖర్చును ఎవరు భరించాలన్నది ముఖ్యమైన ప్రశ్న. పంజాబులోని మోగాలో నెస్లే 1961 నుండి చిన్న రైతుల వద్ద పాలు కొంటున్నది. అటువంటి చోట్ల అదనపు ధర చెల్లించకుండా కొత్త నియమాలు విధిస్తే భారం రైతుపైనే పడుతుంది.

మరొక చిక్కు కూడా ఉన్నది. దిగుబడి పెరిగితే లీటరు పాలకు వెలువడే మీథేన్ తగ్గుతుంది. కాని పాల వినియోగం అంతకంటే వేగంగా పెరిగితే మొత్తం మీథేన్ తగ్గదు.

పొలాలు, అడవులు

పామాయిలు తోటల కోసం ఇండోనేషియాలో అడవులు నరుకుతున్న సరఫరాదారుని నుండి నెస్లే నూనె పొందుతున్నదని 2010లో గ్రీన్‌పీస్ కిట్‌క్యాట్‌పై పెద్ద ఉద్యమం నడిపింది. ఆ ఏడాదిలోనే సంస్థ అడవుల నిర్మూలనకు కారణమయ్యే సరుకును కొనబోమని ప్రకటించింది. కాఫీకి సంబంధించి 2022లో, 2030 వరకు 100 కోట్లకు పైగా స్విస్ ఫ్రాంకుల పథకం ప్రారంభించింది. పచ్చిరొట్ట పంటలు, సేంద్రియ ఎరువులు, తోటల్లో నీడనిచ్చే చెట్లు అందులోని అంశాలు. కాఫీ మొక్క వేడిని ఎక్కువగా తట్టుకోలేదు కనుక, ఇది సంస్థ తన ముడిసరుకును కాపాడుకొనే ప్రయత్నం కూడా.

ప్రగతి, విమర్శలు

2024 చివరికి 20 శాతానికి పైగా నికర తగ్గుదల సాధించామని నెస్లే ప్రకటించింది. అనగా గడువుకు ఏడాది ముందే మొదటి మెట్టు చేరినట్లు. "నికర" అనే మాటను ఇక్కడ గమనించాలి. ముడిసరుకు పండే ప్రాంతాలలోని నేల, చెట్లు పీల్చుకున్న కార్బన్‌ను కూడా ఇందులో లెక్కించారు. అది నేలలో ఎంతకాలం నిలుస్తుందో కొలవడం కష్టం. తరువాత లోతుగా దున్నితే తిరిగి గాలిలో కలవవచ్చును.

2022లో జర్మనీకి చెందిన న్యూక్లైమేట్ ఇన్‌స్టిట్యూట్ 25 పెద్ద సంస్థల ప్రణాళికలను పరిశీలించి, నెస్లే వాగ్దానాలకు చాలా తక్కువ విశ్వసనీయతను ఇచ్చింది. సంస్థ ఆ అంచనాతో ఏకీభవించలేదు. 2023లో కిట్‌క్యాట్, పెరియే వంటి ఉత్పత్తులకు "కార్బన్ తటస్థం" అనే ప్రచారాన్ని విడిచిపెట్టి, బయటి కార్బన్ క్రెడిట్లపై కాక సొంత సరఫరాలోనే తగ్గింపుపై దృష్టి పెడతామని ప్రకటించింది.

అదే ఏడాది డిసెంబరులో దుబాయి వాతావరణ సదస్సులో ఏర్పడిన పాడి మీథేన్ కూటమిలో నెస్లే వ్యవస్థాపక సభ్యురాలిగా చేరింది. పాల వలన కలిగే మీథేన్‌ను విడిగా లెక్కించి బహిరంగంగా వెల్లడించడం ఈ కూటమి నియమం. 2025 అక్టోబరులో సంస్థ దీని నుండి వైదొలగింది. మీథేన్ తగ్గింపును మాత్రం కొనసాగిస్తామని చెప్పింది. అన్ని వాయువులను కలిపి ఒకే అంకెగా చూపినప్పుడు పాల వాటా ఎంత తగ్గినదో పాఠకునికి తెలియదు. 2030 లక్ష్యం నెరవేరినదీ లేనిదీ నిర్ణయించేది ముఖ్యంగా ఆ వాటాయే.