వాచీ చైన్ మీద గీతలా? బఫింగ్‌కి ఇచ్చేముందు ఒక్కసారి ఆగండి

ఫోన్ కొన్న రోజే టెంపర్డ్ గ్లాస్ వేయిస్తాం. స్టీల్ చైన్ ఉన్న వాచీకి మాత్రం ఏమీ వేయం. రెండు నెలలు లాప్‌టాప్ అంచుకి చెయ్యి ఆనించి టైప్ చేస్తే చాలు, చైన్ లాక్ నిండా గీతలే. అల్యూమినియం మెత్తనిదే కదా అనుకోవద్దు, లాప్‌టాప్ బాడీ మీదుండే అనోడైజ్డ్ పొర చాలా గట్టిది. ఇక ఇసుక రేణువులైతే మామూలు స్టీల్‌ని తేలిగ్గా గీసేస్తాయి.

అప్పుడు చాలామంది చేసే పని, షాపులో పాలిష్‌కి ఇవ్వడం. నేనూ ఇచ్చాను. నాలుగేళ్ల కిందట మా నాన్న వాచీ చైన్‌ని విజయవాడలో ఒక షాపులో ఇస్తే, మోటార్ వీల్ మీద పెట్టి పది నిమిషాల్లో అద్దంలా చేసిచ్చారు. గీతలు పోయాయి. వాటితోపాటు కంపెనీ ఇచ్చిన సన్నటి బ్రష్డ్ ఫినిష్ పోయింది, లింకుల అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. నాన్న చేతికి పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి "బాగానే ఉందిరా" అన్నారు. మళ్లీ పెట్టుకోలేదు.

గీత అంటే మరక కాదు, చిన్న గుంట. అది కనిపించకుండా పోవాలంటే చుట్టూ ఉన్న లోహాన్ని ఆ లోతు దాకా అరగదీయాల్సిందే. పాలిష్ అంటే ఇంతే. అందుకే నా అభిప్రాయం: పైపై గీతల్ని ఇంట్లోనే మాపుకోండి, గోరు తగిలి ఆగేంత లోతైనవాటిని వదిలేయండి.

ముందుగా చైన్ విడదీసి, సబ్బు నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో కడగండి. మే నెల బెజవాడ చెమటకి లింకుల మధ్య పేరుకున్న మట్టి చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. సగం "గీతలు" అక్కడే పోతాయి.

తర్వాత అది ఉత్త స్టీలా, పూత ఉన్నదా చూసుకోండి. మచిలీపట్నం చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలు చూసిన మన కృష్ణా జిల్లా వాళ్లకి ఇది విడిగా చెప్పక్కర్లేదు. ఆ గొలుసుల్ని పీచు పెట్టి ఎవరూ తోమరు, తోమితే బంగారం పోయి లోపలి లోహం బయటపడుతుంది. గోల్డ్, రోజ్ గోల్డ్, నల్ల చైన్లూ దాదాపు అంతే, పైన ఉన్నది మైక్రాన్ల మందం పూత. వాటి జోలికి పోవద్దు. పాత హెచ్‌ఎంటీల్లో చాలా కేసులు క్రోమ్ పూతవే, చైన్ తోమే ఊపులో వాటి మీదికి వెళ్లకండి.

ఉత్త బ్రష్డ్ స్టీల్ అయితే అంట్లు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ కొత్త ముక్క చాలు. చైన్‌ని బల్ల మీద చదునుగా పరిచి, ఫినిష్ గీతలు ఏ దిక్కున ఉన్నాయో ఆ దిక్కునే, తేలిగ్గా, ఒకే వైపుకి లాగండి. ముందుకీ వెనక్కీ రుద్దొద్దు, గుండ్రంగా అసలే వద్దు. మొదట లాక్ లోపలి వైపు ప్రయత్నించి చూడండి. మధ్యలో మెరిసే లింకులుంటే వాటికి మాస్కింగ్ టేప్ వేయండి. ఆ మెరిసే భాగాల సన్న గీతలకి ఇత్తడి సామాన్ల బ్రాసో, మెత్తటి గుడ్డ సరిపోతాయి. ఇనప పీచు మాత్రం వాడకండి, దాని ముక్కలు లింకుల్లో ఇరుక్కుని తుప్పు పడతాయి.

టూత్‌పేస్ట్ చిట్కా వీడియోలకి నేను పెద్ద అభిమానిని కాదు. బ్రష్డ్ ఫినిష్ మీద అది గీత తీయదు, పైగా అక్కడక్కడా మెరిసే మచ్చలు చేస్తుంది.

మొన్న నాన్న చైన్ మీదా ఇదే స్క్రబ్బర్ పట్టాను. అరగంట పని. సన్నటి ఫినిష్ చాలావరకు తిరిగొచ్చింది, అంచులు మాత్రం రాలేదు. ఈసారి నాన్న ఏమీ అనలేదు కానీ, ఆదివారం బజారుకి వెళ్తూ పెట్టుకున్నారు.